లాటరీ సమానత్వం

ఈమధ్య ఒక కళాశాలలో విద్యార్థుల గోష్ఠి జరిగింది. విషయం వలసలు. సభలో ఒక యువ అధ్యాపకుడు లేచి చిత్రమైన వాదం చేశాడు. "మాస్టారూ, అమెరికాను మీరు ఎంతైనా తిట్టండి. కాని ఆ దేశం ఏటా జరిపే గ్రీన్‌కార్డు లాటరీ ఉంది చూశారూ, అంతకన్న సమానమైన పద్ధతి ప్రపంచంలో మరొకటి లేదు. అందులో డబ్బు పనిచెయ్యదు, సిఫారసు పనిచెయ్యదు, కులం పనిచెయ్యదు, ఆఖరికి మార్కులు కూడా పనిచెయ్యవు. మంత్రిగారి కొడుక్కీ ఒకటే చీటీ, రిక్షావాడి కొడుక్కీ ఒకటే చీటీ. సోషలిజం అంటే ఇంతకన్న ఏం కావాలి?" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నాకు బాధ కలిగించాయి. ఆ అధ్యాపకుడు అజ్ఞాని కాడు. మనం చదివే పుస్తకాలే చదివినవాడు, మన సభలకు వచ్చేవాడు. అటువంటివాడే అదృష్టాన్ని సమానత్వంగా పొరబడితే ఇక మామూలు విద్యార్థి సంగతి ఏం చెప్పాలి? ఆనాడు వ్యవధి లేక చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ లాటరీకి మనం బయటివాళ్లం. గడిచిన ఐదేళ్లలో 50,000 మందికి మించి వలస పంపిన దేశాలను ఆ చట్టం మినహాయిస్తుంది. భారతదేశం ఆ జాబితాలో ఉంది. పైగా ఆ చట్టం చూసేది మనిషి పౌరసత్వాన్ని కాదు, పుట్టినచోటును. కడప జిల్లానుంచి కువైట్ వెళ్లి చాకిరీ చేసే కార్మికుడికి ఆ చీటీ వేసే అర్హత లేదు. అతనికి కువైట్‌లో పుట్టిన కూతురికి పెద్దయ్యాక ఉంటుంది. తండ్రికీ కూతురికీ మధ్యనే గీత గీసే పద్ధతి సమానత్వానికి పరాకాష్ఠ అట!

మరి బయటివాడికి ఈ గొడవ దేనికి? ఎందుకంటే ఆ లాటరీని నేను దగ్గర కూర్చుని చూశాను. మన ప్రాంతంనుంచి ఇథియోపియా విశ్వవిద్యాలయాలకు పాఠాలు చెప్పడానికి వెళ్లిన తెలుగు అధ్యాపకుల్లో నేనూ ఒకణ్ణి. అక్కడ దాన్ని 'డీవీ' అంటారు. అక్టోబరులో దరఖాస్తుల కాలం వచ్చిందంటే ఇంటర్నెట్ దుకాణాల్లో గోడకు తెల్లగుడ్డ కట్టి, జనాన్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీసేవారు. కళ్లజోడు తియ్యాలి, నేల చూడకూడదు, ఫోటో చదరంగా ఉండాలి. నా గదిలో కంప్యూటరు ఉన్న పాపానికి ఎందరికో నేనే దరఖాస్తులు నింపిపెట్టాను. కనుక ఈ తప్పులో నాకూ భాగం ఉంది.

ఇక వాదంలోకి వద్దాం. చీటీ అందరికీ ఒకటేనా?

దరఖాస్తు పెట్టాలంటే ఉన్నతపాఠశాల చదువు పూర్తయి ఉండాలి. లేదా రెండేళ్ల శిక్షణ అవసరమయ్యే వృత్తిలో, గడిచిన ఐదేళ్లలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. అంటే నాగలి పట్టినవాడు, బరువులు మోసేవాడు, ఇళ్లలో పాచిపని చేసే ఆడమనిషి మొదటి గుమ్మంలోనే ఆగిపోతారు. అధ్యాపకుడు చెప్పిన రిక్షావాడి కొడుక్కి చీటీ దక్కాలంటే ముందు బడి దక్కాలి.

రెండో గుమ్మం పాస్‌పోర్టు. 2019లో అమెరికా ప్రభుత్వం ఒక చిన్న నియమం తెచ్చింది: దరఖాస్తునాటికే చేతిలో పాస్‌పోర్టు ఉండాలని. అంతకుముందు ఏడాది, అంటే 2020 సంవత్సరపు లాటరీకి, అర్హమైన దరఖాస్తులు సుమారు 1 కోటి 47 లక్షలు. నియమం వచ్చిన తర్వాత, 2021 సంవత్సరపు లాటరీకి, అవి సుమారు 67 లక్షలు. ఒక్క కాగితం అడిగేసరికి సగానికి పైగా దరఖాస్తులు మాయమయ్యాయి. ఆ నియమాన్ని 2022లో అక్కడి కోర్టు కొట్టివేసింది, నిజమే. కాని చీటీ వెనక డబ్బు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలవా?

మూడో గుమ్మం ఖర్చు. చీటీ వెయ్యడం చాలాకాలం ఉచితంగానే ఉండేది. 2025లో దానికి ఒక డాలరు రుసుము నిర్ణయించారు. అసలు ఖర్చు పేరు వచ్చిన తర్వాత మొదలవుతుంది. ఇంటర్వ్యూకు మనిషికి 330 డాలర్లు. వీసా నిరాకరించినా ఆ డబ్బు తిరిగి రాదు. దానిమీద వైద్యపరీక్ష, పోలీసు ధ్రువపత్రాలు, ప్రయాణాలు, విమానం టిక్కెట్లు. ఇంత డబ్బు పేదవాడికి ఎక్కడనుంచి వస్తుంది? చార్లెస్ పియో అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు టోగో దేశాన్ని గురించి 2019లో 'ది ఫిక్సర్' అనే గ్రంథం ప్రచురించాడు. పేరు వచ్చినవాడి ఖర్చులు మరొకడు భరించడం, అందుకు ప్రతిఫలంగా ఒక కొత్త భార్యో భర్తో ఆ దరఖాస్తులో చేరడం, ఈ బేరాలన్నీ కుదిర్చే దళారి - ఇదంతా అందులో ఉంది. డబ్బు పనిచెయ్యదన్నచోట ఏకంగా పెళ్లిళ్ల బజారే లేచింది!

దీని పుట్టుక కూడా తెలుసుకోవడం మంచిది. జాతిమూలాలనుబట్టి కోటాలు పంచే పాత పద్ధతిని అమెరికా 1965లో రద్దు చేసింది. కొత్త చట్టం బంధుత్వానికీ ఉద్యోగానికీ ప్రాధాన్యమిచ్చింది. దాంతో ఐర్లండు వంటి దేశాలవారికి దారి ఇరుకైంది. 1980లలో ఐరిష్ యువకులు అనేకులు కాగితాలు లేకుండానే బోస్టన్‌లో, న్యూయార్కులో బతికేవారు. వారికి ఓట్లు ఉన్న బంధువులున్నారు, శాసనసభ్యుల అండ ఉంది. 1986 చట్టంలో తాత్కాలిక ఏర్పాటు జరిగింది: ముందు చేరిన ఉత్తరానికి ముందు వీసా. 1987 జనవరిలో ఒక్కొక్కడు వందల ఉత్తరాలు తపాలాలో పడేశాడు. 1990 చట్టం ఇప్పటి లాటరీకి పునాది వేసింది. 1992 నుంచి 1994 దాకా నడిచిన మధ్యకాలపు ఏర్పాటులో నూటికి 40 వీసాలు ఐర్లండుకే కేటాయించారు. 1995 నుంచి ఏటా 55,000 వీసాలతో ఇది స్థిరపడింది. 1997లో చేసిన మరో చట్టం దీన్ని 50,000 దాకా తగ్గించింది. ఈ మొత్తానికి 'వైవిధ్యం' అని పేరు.

ఎవరి కోసం తలుపు తెరిచారో వారితోబాటు, ఎవరినీ ఉద్దేశించనివారు కూడా లోపలికి వచ్చారు. ఇథియోపియన్లు, ఘనావారు, నేపాలీలు వచ్చారు. అప్పటినుంచి పాలకులకు వైవిధ్యం మీద మోజు తగ్గింది. 2018 జనవరిలో ఆఫ్రికా దేశాలను గురించి ఆ దేశాధ్యక్షుడు అన్నట్లు పత్రికల్లో వచ్చిన బూతుమాట పాఠకులు మరిచిపోయి ఉండరు.

ఇక నేను కళ్లారా చూసింది చెబుతాను. నాతోబాటు భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకడు ఉండేవాడు. భార్య నర్సు; నాలుగేళ్ల కూతురు. 2019 మే నెలలో అతనికి డీవీ వచ్చింది. ఆ వేళ వాళ్లింట్లో కాఫీ గింజలు వేయించి మూడుసార్లు కాఫీ కాచి పోశారు. వీధి వీధంతా వచ్చి అభినందించింది.

కాని పేరు రావడం వీసా రావడం కాదు. ఇచ్చే వీసాలకన్న చాలా ఎక్కువమందిని ఎంపిక చేస్తారు. ఆ ఏడాది సుమారు 84,000 మందిని ఎంపిక చేశారు. ప్రతివాడికీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ నెలలో ఏ సంఖ్యదాకా పిలుస్తారో నెలనెలా ప్రకటిస్తారు. సెప్టెంబరు 30తో అమెరికా ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆలోగా వీసా చేతికి రాకపోతే ఎంపిక చెల్లదు. మరుసటి ఏడాదికి మార్చరు. మళ్లీ మొదటినుంచి చీటీ వేసుకోవలసిందే.

నా మిత్రుడి సంఖ్య పెద్దది. కాబట్టి ఎదురుచూడటం మొదలైంది. ఆ ఏడాది అతనికి డాక్టరేటు చెయ్యడానికి అవకాశం వచ్చింది. వెళ్లిపోయేవాణ్ణి కదా అని వదులుకున్నాడు. సగం కట్టిన ఇల్లు ఆపేశాడు. మరొకటి జరిగింది, నన్ను ఎక్కువగా బాధించింది అదే. అతను అధ్యాపక సంఘంలో చురుకైనవాడు. ఇళ్ల అద్దెల భత్యం కోసం విజ్ఞప్తి తయారుచేసింది అతనే. డీవీ వచ్చాక సంఘం సమావేశాలకు రావడం మానేశాడు. అడిగితే, "వెళ్లిపోయేవాణ్ణి, నేను మాట్లాడి మీ అందరినీ ఇరకాటంలో పెట్టడం న్యాయమా?" అన్నాడు. చీటీ వెయ్యబోయేవారు కూడా క్రమంగా అలాగే తయారయ్యారు. భత్యం సంగతి అటకెక్కింది.

2020 మార్చిలో కోవిడ్ వల్ల వీసా కచేరీలు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో కొత్త వలస వీసాలు నిలిపివేస్తూ అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. జూన్‌లో దాన్ని ఏడాది చివరిదాకా పొడిగించారు. సెప్టెంబరు 11న ఇథియోపియన్ల సంవత్సరాది. వాళ్లింట్లో పండుగ జరగలేదు. పందొమ్మిది రోజులు మిగిలాయని లెక్కపెడుతున్నారు. ఆ నెలలోనే వాషింగ్టన్ కోర్టు ఈ వీసాల పని మళ్లీ సాగించమని ఆదేశించింది, కొందరికి అందాయి. నా మిత్రుడికి పిలుపు రాలేదు. సెప్టెంబరు 30 రాత్రి అతను నాతో అన్నమాట ఇది: "పరీక్ష తప్పితే ఏ లెక్క తప్పు చేశానో వెతుక్కుంటాను. ఇందులో నేను చేసిన తప్పేమిటి?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేకపోయింది. అక్కడి చట్టం దగ్గర ఉంది: నీ తప్పేమీ లేదు, నీకు హక్కూ లేదు. గడువు దాటిన తర్వాత కూడా ఆ వీసాలు ఇప్పించమని కొందరు కోర్టుల్లో పోరాడారు. అలా ఇప్పించే అధికారం కోర్టుకు లేదని 2024లో అప్పీలు కోర్టు తేల్చింది. ఇది మొదటిసారీ కాదు. 2011 మేలో సుమారు 22,000 మందికి మీరు ఎంపికయ్యారని చూపించి, కంప్యూటరు మొదటి రెండు రోజుల దరఖాస్తులనుంచే ఎక్కువగా తీసిందని చెప్పి, ఆ ఫలితాలు రద్దు చేశారు. 2025 డిసెంబరులో ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పుల నిందితుడు 2017లో ఈ దారిన గ్రీన్‌కార్డు పొందాడని తెలియగానే, ఈ కార్యక్రమాన్నే నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. ఒకడి నేరానికి లక్షలమంది ఆశలు శిక్ష అనుభవించాలా అని అడిగేదెవరు? చీటీ పట్టుకున్నవాళ్లు ఒకరికొకరు తెలియరు. వాళ్లకు సంఘం లేదు, ప్రతినిధి లేడు, ఓటు లేదు.

ఇదే నా అసలు వాదన. దానంగా ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడానికి కారణం చెప్పనక్కరలేదు. హక్కుగా ఇచ్చినదాన్ని లాక్కుంటే సమాధానం చెప్పుకోవాలి. లాటరీ చేసే మొదటి పని తలుపును హక్కుల చర్చలోంచి తప్పించి అదృష్టం చర్చలో పడెయ్యడం. తలుపు ఇంత ఇరుగ్గా ఎందుకుంది అని కోటిమంది కలిసి అడగవలసినచోట, నా సంఖ్య ఎంత అని కోటిమంది విడివిడిగా అడుగుతారు.

"అయితే రద్దు చేసేవాళ్లతో మీరూ గొంతు కలుపుతారా?" అని ఆ అధ్యాపకుడు అడగవచ్చు. కలపను. వాళ్లు రద్దు చెయ్యాలనేది లాటరీ అన్యాయమని కాదు, వచ్చేవాళ్లు వాళ్లకు నచ్చక. దరఖాస్తు పెట్టినవాణ్ణి దేశద్రోహి అనేవాళ్లతోనూ కలపను. మేధావుల వలసను గురించి గంభీరోపన్యాసాలు చేసే మన పెద్దల్లో ఎందరి పిల్లలు డాలస్‌లో లేరు? నా అన్నగారి కొడుకు అక్కడే ఉన్నాడు. నా మిత్రుడు తన కూతురికి మంచి బడి కావాలనుకున్నాడు. అది నేరం కాదు. ఆ కోరికను చీటీ చేసి డబ్బాలో వేసి ఊపడం నేరం.

ఈ మాటలు మనకు వర్తించవనుకోకండి. మన ఇంజనీర్లు ఏటా మార్చిలో చూసే హెచ్-1బీ ఎంపిక కూడా లాటరీయే: 65,000, పైచదువులవారికి మరో 20,000. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అదే డిసెంబరులో, జీతం స్థాయినిబట్టి ఒక్కొక్కరి పేరు ఒకటినుంచి నాలుగుసార్లదాకా డబ్బాలో వేసే నియమం తెచ్చారు. లాటరీ సమానత్వం ఆయుర్దాయం ఎంతో చూశారు కదా! యజమానికి అక్కర తీరేదాకా చీట్లు సమానం. అక్కర మారితే జీతంకొద్దీ చీట్లు.

కాబట్టి మన విద్యార్థులకు చెప్పవలసింది వెళ్లవద్దని కాదు, అదృష్టవంతులు కమ్మనీ కాదు. నియమం ఏదో ముందే చెప్పాలి, ఇచ్చినమాట గడువు పేరుతో మింగకూడదు, కట్టించుకున్న డబ్బుకూ పోయిన కాలానికీ జవాబు చెప్పాలి - ఇవి ఏ దేశపు గుమ్మంలోనైనా మనిషి అడగదగిన కోరికలు. ఇవి అడగాలంటే గుంపుగా అడగాలి.

నా మిత్రుడు ఆ తర్వాతి ఏడాది మళ్లీ సంఘానికి వచ్చాడు. ఆగిపోయిన భత్యం విజ్ఞప్తి బయటికి తీశాడు. అక్టోబరులో చీటీ కూడా వేశాడు. రెండూ ఎందుకని నేను అడగలేదు. సంఘం కాగితం మీద మాత్రం అతని సంతకం కింద మరో నలభై సంతకాలున్నాయి.