పాఠము అర్థము కానప్పుడు

తరగతిలో బాలునకు పాఠము అర్థము కానప్పుడు ఆ లోపమును ఎవరిపై మోపవలెను? మన పాఠశాలలలో చిరకాలము ఈ ప్రశ్నకు ఒకే సమాధానము వాడుకలో నుండెను: బాలుడు మందమతి. వానిచే పదిమారులు వల్లె వేయించుట, అప్పటికిని రానిచో బెత్తము తీయుట నాటి పద్ధతి. ఇందు ఉపాధ్యాయునకు గొప్ప సౌకర్యమొకటి కలదు. తన బోధనను తాను శంకించుకొనవలసిన పని యుండదు. ఆ సౌకర్యమును కోరి వదలుకొన్నవారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ముఖ్యులు. లోకము వారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగ స్మరించును. కాని వారు ముప్పది యేండ్లు బడిపంతులుగ నుండి, ఆ యనుభవముతో ఉద్యమమున దిగిరను సంగతిని అంతగా తలచుకొనదు.

1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగ చేరిరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసించుచుండిరి. వారికి చదువు కావలెనన్నచో వారే మన భాష నేర్చి రావలెనని తలచుట సులభము. పంతులుగారు అట్లు తలపలేదు. తెలుగు తెలిసిన సవర నొకనిని తమ యింట నుంచుకొని తామే ఆతనికి శిష్యులైరి. మాటలు, పాటలు, కథలు సేకరించిరి. సవర బాలురకు వాచకములు కూర్చిరి. స్వంత ధనముతో బడులు పెట్టించి, అందలి ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. మన్యమున తిరిగినందున మలేరియా సోకెను. దానికై పుచ్చుకొన్న క్వినైను మందు వలన వినికిడి శక్తి పోయెను. ఒక భాషను చెవితో విని నేర్చిన మనుష్యుడు ఆ చెవులనే దానికి మూల్యముగ చెల్లింపవలసి వచ్చెను. అయినను పని ఆగలేదు. సవర భాషా వ్యాకరణము 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినవి.

సవర బాలుని విషయమున నడచిన ఆలోచనయే తెలుగు బాలుని విషయమునను నడచెను. ఇంట "పిల్లలు వచ్చారు" అని పలుకు బాలుడు బడిలో "వచ్చిరి" అని వ్రాయవలెను. "వెళ్తున్నాను" అన్న నోటితోనే "వెళ్లుచున్నాను" అనవలెను. మనసున మెదలిన భావమును కాగితముపై పెట్టబోవు పసివాడు, ఎచ్చట సంధి చేయవలెను, ఎచ్చట దీర్ఘము తీయవలెనని వెదకుకొనుచుండగనే ఆ భావము జారిపోవును. 1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిన యేట్సు దొర, పుస్తకములోని తెలుగునకును జనుల నోటి తెలుగునకును ఇంత భేదమేల యని అడిగెను. ఆ ప్రశ్నను పట్టుకొని పంతులుగారు జీవితాంతము వదలలేదు. గురజాడ అప్పారావుగారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారుగారు వారికి తోడైరి.

ఎదిరించినవారు అల్పులు కారు. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు భాషపై గల ప్రేమతోనే ఎదిరించిరి. వాడుకమాటకు బడితలుపు తెరచినచో వేయి సంవత్సరముల కావ్యములు ముందుతరములకు దూరమగునని వారి భయము. ఆ భయమును పరిహసించుట న్యాయము కాదు. కాని రామమూర్తిగారు కావ్యములను చదువవలదని చెప్పలేదు. ముఖలింగ శాసనములను స్వయముగ చదివి పరిశోధించిన వారికి ప్రాచీన భాషపై ద్వేష మెక్కడిది? నన్నయను చదివి ఆనందించుట వేరు, నన్నయ భాషలో ఉత్తరము వ్రాయుమని పదేండ్ల బాలుని నిర్బంధించుట వేరు. వారి వాదమంతయు ఈ భేదము మీదనే నిలిచినది. గ్రాంథికమును నిర్దోషముగ వ్రాయుట ఆ పట్టుపట్టిన పండితులకే సాధ్యము కాలేదని, వారి రచనల నుండియే తప్పులెత్తి "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము" అను గ్రంథమున చూపిరి. గురువులకే పట్టుబడని దానికి శిష్యులను దండించుటలో నీతి యేమున్నది?

గెలుపు త్వరగా రాలేదు. పరీక్షలలో ఆధునిక భాషకు విద్యాశాఖ ఒకప్పు డిచ్చిన అనుమతిని పండితుల ఆందోళన పిమ్మట ఉపసంహరించుకొనెను. 1911లో ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు ఊరూర తిరిగి ఉపన్యసించిరి. 1919లో "తెలుగు" అను పత్రికను నడపిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, ఆ యేర్పాటునకు సమ్మతింపక, వృద్ధాప్యమున ఇల్లు విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. 1940 జనవరి 22వ తేదీన మరణించుటకు కొలది దినముల ముందు కూడ పత్రికా సంపాదకులను వాడుకభాష చేపట్టుడని కోరిరి. వారి కాలము గడచిన చాల యేండ్లకు గాని పాఠ్యపుస్తకములలో ఆ భాష స్థిరపడలేదు. వారిని ప్రస్తుతించు వ్యాసములు సైతము పెక్కులు గ్రాంథికముననే వెలువడినవి, ఇదియు అట్టిదే.

పాత అలవాటును తప్పనువారు ఏ కాలమునను కొదువ లేరు. తప్పని చెప్పి, పై అధికారుల ఉత్తర్వునకై ఎదురు చూచుచు కూర్చుండువారే అధికము. పంతులుగారికి సవర బడి పెట్టుమని ఎవరును ఉత్తర్వు చేయలేదు. పుస్తకము లేదని తెలిసినప్పుడు తామే వ్రాసిరి, భాష రాదని తెలిసినప్పుడు తామే నేర్చిరి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర మొదలగు గిరిజన భాషలలో చిన్న తరగతులకు వాచకములు సిద్ధము చేయించెను. పర్లాకిమిడిలోని ఆ యింట సవర పాఠములు మొదలై అప్పటికి నూరేండ్లు దాటినవి.