చంకలో తమ్ముడు ఉన్నంతకాలం చెల్లి బడికి రాదు

కాస్త పెద్ద పోస్టే, చివరిదాకా చదవండి.

మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, జీవో నంబర్ 3 గురించి చాలా మాట్లాడుకుంటాం. మాట్లాడాలి కూడా. కానీ ఆరేళ్లలోపు పిల్లల గురించి మాట్లాడేది ఎప్పుడో గానీ లేదు. అది ఆడవాళ్ల పని, అంగన్వాడీ టీచర్ పని అనుకుంటాం. మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం, మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. మేం చెప్పేది ఒక్కటే: చంటిపిల్లల సమస్య మన చదువుల సమస్యే.

ఎలాగంటారా? పాడేరు ఏజెన్సీలో కాఫీ పళ్లు కోసే రోజుల్లో, పోడు పనుల్లో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో అమ్మానాన్నలు తెల్లారేసరికే కొండెక్కుతారు. ఏడాది పిల్లాణ్ని ఎవరు చూస్తారు? ముసలమ్మ ఉంటే ముసలమ్మ. లేకపోతే పదేళ్ల అక్క. ఆ పిల్ల ముందు వారం మానేస్తుంది, తర్వాత నెల, ఆ తర్వాత బడే మానేస్తుంది. మనతో ఒకటో తరగతిలో పలక పట్టిన ఆడపిల్లల్లో ఇవాళ కాలేజీలో ఎంతమంది ఉన్నారో ఎవరి ఊరిలో వాళ్లు లెక్కపెట్టుకోండి.

పిల్లాడికీ నష్టమే. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. ఆ తర్వాత చిన్న పొట్టకి కొంచెం కొంచెంగా, రోజుకి మూడు నాలుగు సార్లు మెత్తటి తిండి పెట్టాలి. పదేళ్ల పిల్లకి అదెలా కుదురుతుంది? పొద్దున కాచిన అంబలే సాయంత్రం దాకా. చోడి మంచి తిండే. కానీ పల్చటి అంబలితో పసివాడి కడుపు నిండుతుంది గానీ ఒళ్లు పెరగదు. మెదడు బాగా ఎదిగే వయసు కూడా అదే.

అంగన్వాడీ ఉంది కదా అంటారు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైంది, దానివల్ల మేలు జరిగింది, కాదనం. కానీ రోజూ కేంద్రంలో కూర్చోబెట్టుకునేది ముఖ్యంగా 3 నుంచి 6 ఏళ్ల పిల్లల్నే. మూడేళ్లలోపు వాళ్లకు ఇంటికి సరుకు ఇస్తారు. సరుకు వస్తుంది, పిల్లాణ్ని చూసే మనిషి రాదు. అసలు లోటు ఇక్కడే ఉంది.

ఇంకోటి దూరం. గిరిజన ప్రాంతాల్లో 300 నుంచి 800 జనాభాకి ఒక అంగన్వాడీ, 150 నుంచి 300కి మినీ అంగన్వాడీ అని నిబంధన. మన గూడేలు చాలావాటిలో ఇరవై ముప్పై గడపలే. కేంద్రం పెద్ద ఊళ్లో, మధ్యలో గెడ్డ. వానాకాలంలో మూడేళ్ల పిల్ల గెడ్డ దాటుతుందా?

"మీవాళ్లకి అవగాహన లేదు" అనే మాట మాకు నచ్చదు. అవగాహన ఉన్నా, పని మానితే ఆ రోజు కూలి రాదు. తల్లిని తిట్టడం తేలిక, పిల్లాణ్ని చూసే చోటు పెట్టడమే కష్టం.

అడగడానికి దారులున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో అంగన్వాడీ ఇవ్వాలని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న గూడేలు రెండు మూడు కలిసి అడగొచ్చు. మిషన్ శక్తిలో పాల్నా అనే పథకం ఉంది, 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకు అంగన్వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం పెట్టొచ్చు. 1996 పీసా చట్టం సామాజిక రంగాల సంస్థలు, సిబ్బంది మీద అజమాయిషీ పంచాయతీలకు, గ్రామసభకు ఉండాలంటుంది. ఆ హక్కు మనం వాడట్లేదు.

అందుకే ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. గూడెంలో ఆరేళ్లలోపు పిల్లలెందరు, వాళ్లలో బడి వయసు అక్కల చేతుల్లో ఉన్నవాళ్లెందరు, గడప గడపకీ తిరిగి రాద్దాం. ఆ లెక్క గ్రామసభలో పెట్టించి తీర్మానం రాయిద్దాం. చూసుకునే మనిషి మన గూడెం ఆడమనిషే కావాలని, పిల్లలతో కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో మాట్లాడగలగాలని అందులో రాయాలి. కాపీలు సీడీపీవోకి, ఐటీడీఏ పీవోకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే మన అర్జీ ఎవరికీ గుర్తుండదు.

మన ఇళ్లల్లో మొదట కాలేజీకొచ్చింది మనం. రెండోది మన చెల్లి కావాలి. మీ గూడెం లెక్క గ్రూపులో పెట్టండి.