లాగడం వేరు, మోయడం వేరు

బండి కొనడానికి మగవాళ్లు బయల్దేరితే, రంగు బాగుందో లేదో చెప్పడానికి మనం వెంట వెళ్తాం. స్కూటరైనా కారైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే. టెక్సాస్‌లో ఇరవయ్యేడేళ్లుగా కాపురం చేస్తున్నా నేనూ ఇందుకు మినహాయింపు కాదు. మా ఇంటికొచ్చిన ప్రతి కారునూ మావారే చూశారు, మావారే బేరమాడారు. నేను ఎక్కి కూర్చున్నాను, అంతే! కిందటేడాది ఓ ట్రక్కు కొనాల్సి వచ్చినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంటే ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ వయసులో వీళ్లకి ట్రక్కెందుకనేగా మీ సందేహం? పిల్లలిద్దరూ ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. మావారు రిటైరయ్యారు. ఇక్కడ మా ఈడు దంపతులు చాలామంది ఇంటినే బండికి కట్టుకుని ఊళ్లు తిరుగుతుంటారు. మాకూ ఆ ముచ్చట పుట్టింది. పడకగది, వంటిల్లు, స్నానాలగది అన్నీ ఉన్న ఈ చక్రాల ఇళ్లలో పెద్దవాటిని 'ఫిఫ్త్ వీల్' ట్రైలర్లు అంటారు. అంటే అయిదో చక్రం. పూర్వం గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి, దానిపైన అడ్డంగా పడుకోబెట్టిన చక్రం ఒకటుండేది. ఆ పేరే దీనికీ వచ్చింది.

మామూలు ట్రైలర్‌ని ట్రక్కు వెనక బంపరు దగ్గర తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ అలా కాదు. దాని ముందు భాగం ట్రక్కు తొట్టి మీదికి వచ్చి ఉంటుంది. అక్కణ్ణుంచి కిందికి దిగిన లావుపాటి ఉక్కు పిన్ను, ట్రక్కు వెనక ఇరుసుకి ఇంచుమించు పైన బిగించిన 'హిచ్' అనే పట్టులో కూర్చుంటుంది. పెద్ద పెద్ద కంటైనర్ లారీల ఏర్పాటూ ఇదే.

మాకు నచ్చిన ట్రైలర్ పొడవు 40 అడుగులు. నిజం చెప్పాలంటే మాకు కాదు, నాకు నచ్చింది. మధ్యలో గట్టు ఉన్న వంటిల్లు, నిలువెత్తు ఫ్రిజ్, పెద్ద కిటికీ... అడ్వాన్సు కట్టేదాకా మావారిని అక్కణ్ణుంచి కదలనివ్వలేదు. సామానుతో కలిపి అది 16,000 పౌండ్ల దాకా తూగొచ్చు. అంటే ఏడు టన్నుల పైమాటే! ఇక దాన్ని లాగే ట్రక్కు కోసం తిరగడం మొదలుపెట్టాం.

ప్రకటనలో అంకె, తలుపుమీద అంకె

ఓ షోరూములో సేల్స్‌మన్ 'త్రీ క్వార్టర్ టన్' తరగతికి చెందిన డీజిల్ ట్రక్కు చూపించాడు. "ఇది 18,000 పౌండ్లు లాగుతుంది సార్. మీ ట్రైలర్ 16,000 పౌండ్లేగా!" అన్నాడు. మాట్లాడినంతసేపూ అంతా 'సార్'తోనే. నా వైపు తిరిగింది ఒక్కసారే, సీటు వెచ్చబడే మీట చూపించడానికి.

మావారి మొహం వెలిగిపోయింది. పదహారు కంటే పద్దెనిమిది పెద్దది కదా! నాకూ అలాగే అనిపించేది. కానీ పదేళ్లుగా ట్రైలర్ కట్టుకుని తిరుగుతున్న మా పక్కింటావిడ ముందురోజే ఓ మాట చెప్పింది. "ఎంత లాగుతుందో వాళ్లు చెప్తారు. ఎంత మోస్తుందో నువ్వు తలుపు తీసి చూసుకో" అని.

ఆ మాట వినగానే నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ధాన్యం బస్తాలు బండికెత్తించేటప్పుడు తాతయ్య కాడి దగ్గరే నిలబడేవాడు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. మరీ ముందుకు పడితే ఎద్దుల మెడలు కుంగిపోతాయి. "లాగడానికి ఎద్దు వెనకాడదురా, మొయ్యడానికే మెడ చాలదు" అని పాలేరుతో అనేవాడు.

ట్రక్కుకైనా అంతే. ట్రైలర్ బరువులో చాలాభాగం దాని చక్రాలే మోస్తాయి. మిగిలింది పిన్ను మీదుగా ట్రక్కు నడుంమీద పడుతుంది. ఫిఫ్త్ వీల్‌లో ఇది మొత్తం బరువులో అయిదో వంతు ఉంటుంది. ఒక్కోసారి నాలుగో వంతు దాకా పోతుంది. ట్రక్కు ఎంత లాగుతుందో ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఎంత మోస్తుందో మాత్రం డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన చిన్న కాగితం మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదని పౌండ్లలోనూ కిలోల్లోనూ రాసి ఉంటుంది. అది సరిగ్గా ఆ ట్రక్కుకే, దానికి బిగించిన హంగుల బరువు తీసేసి వేసిన అంకె. పక్కనే నిలబడ్డ అదే మోడల్ ట్రక్కుకి ఇంకో అంకె ఉండొచ్చు.

మన దగ్గర లారీలమీద యు.ఎల్.డబ్ల్యు., ఆర్.ఎల్.డబ్ల్యు. అని రాసి ఉండడం చూసే ఉంటారు. ఒకటి ఖాళీ బరువు, రెండోది నిండు బరువు. ఆ రెండింటికీ మధ్య తేడాయే అది మోయాల్సింది. ఇదీ అలాంటిదే.

"ఒకసారి ఆ తలుపు తీస్తారా?" అనడిగాను. సేల్స్‌మన్ నవ్వాడు. మావారు ఇబ్బందిగా కదిలారు. కాగితం మీద 2,300 పౌండ్లని ఉంది.

వంటింటి లెక్క

ఆ రాత్రి సరుకుల పద్దు రాసుకునే నోటుబుక్కులోనే లెక్క వేశాను. 16,000 పౌండ్లలో అయిదో వంతు 3,200. హిచ్ బరువు 200. మేమిద్దరం కలిపి 310. డ్రైవరు కూడా బరువే, ఆయనకేం మినహాయింపు లేదు! పనిముట్లూ చిల్లర సామానూ 150. మొత్తం 3,860 పౌండ్లు. ట్రక్కు మోయగలిగింది 2,300. అంటే 1,560 పౌండ్లు ఎక్కువ. మన లెక్కలో ఏడు క్వింటాళ్లు!

"బ్రోషర్‌లో పిన్ను బరువు 2,600 అని ఉందిగా" అన్నారు మావారు. ఉంది. కానీ అది ఖాళీ ట్రైలర్ బరువు. గాలన్ నీళ్లే ఎనిమిది పౌండ్ల పైన ఉంటాయి. 60 గాలన్ల టాంకు నింపితే అయిదొందల పౌండ్లు. బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, దుప్పట్లు, గ్రైండరు, కుక్కర్లు, 20 పౌండ్ల బియ్యం మూటలు, ఆవకాయ జాడీ... ఇవన్నీ బ్రోషర్ వాళ్లకేం తెలుసు? ఉత్త గోడల బరువు చూసి ఎవరైనా కాపురం పెడతారా?

మరి ఆ 18,000 అబద్ధమా అంటే, కాదు. ఇంజను అంత లాగగలదు. కానీ ఆ అంకె వేసేటప్పుడు ట్రక్కులో కూర్చునేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే, వాళ్లతో పెద్ద సామానేమీ ఉండదు. పైగా ఇంజను లాగినంత మాత్రాన స్ప్రింగులు, వెనక ఇరుసు, టైర్లు మోస్తాయని కాదు. వెనక టైర్లు వేడెక్కి పగిలే ప్రమాదం పెరుగుతుంది. వెనకాల ఏడు టన్నుల ఇల్లు తరుముకొస్తుంటే అప్పుడు చేయగలిగేదేముంది?

ఎక్కువ మోసేది కావాలంటే 'వన్ టన్' తరగతికి వెళ్లాలి. ఫోర్డ్‌లో ఎఫ్-350, రామ్‌లో 3500, షెవర్లేలో సిల్వరాడో 3500 ఈ తరగతివి. ముప్పావు టన్ను, టన్ను అనేవి పాతకాలపు పేర్లే. ఇప్పటి ట్రక్కులు అంతకు మించే మోస్తాయి. కాబట్టి పేరు చూసి కాదు, కాగితం చూసి కొనాలి. వెనక రెండే చక్రాలున్న వన్ టన్ ట్రక్కు తలుపుమీద 3,700 ఉంది. "ఇంచుమించు సరిపోయినట్టేగా" అన్నారు మావారు. 160 పౌండ్లు చాలలేదు. 'ఇంచుమించు' అనేది కూరలో ఉప్పుకి చెల్లుతుంది గానీ దీనికి చెల్లదన్నాను. వెనక అటు రెండు, ఇటు రెండు చక్రాలుండే 'డ్యూయలీ' తలుపుమీద మాత్రం 5,300 ఉంది. మా బరువంతా మోసి ఇంకా 1,440 పౌండ్ల వెసులుబాటు! ఒక వెనక టైరు పగిలినా పక్కనే ఇంకోటి ఉంటుంది.

డ్యూయలీలో ఇబ్బందులు లేవని కాదు. ఖరీదెక్కువ. నడుం వెడల్పు కాబట్టి బజారుకెళ్తే పార్కింగ్ దొరకదు. టైర్లు మార్చాలంటే ఆరు కొనాలి. ఖాళీగా నడిపితే ఒళ్లు కుదిపేస్తుంది. ఇవన్నీ మావారు చెప్పారు, అన్నీ నిజమే. కానీ ఇవి అసౌకర్యాలు. ఏడు క్వింటాళ్ల అదనపు బరువు అసౌకర్యం కాదు, ప్రమాదం.

తొట్టి కూడా ఆరున్నర అడుగులది కాకుండా ఎనిమిది అడుగులది తీసుకున్నాం. పొట్టి తొట్టి అయితే మలుపు గట్టిగా తిప్పినప్పుడు ట్రైలర్ మూల వచ్చి క్యాబిన్ వెనక అద్దానికి కొట్టుకోవచ్చు. దానికి వెనక్కి జరిగే హిచ్ వేరే కొనాలి. ఇంజను విషయంలో మాత్రం డీజిలే అని ఇద్దరం ఒక్కమాట మీదున్నాం. డీజిల్ ఇంజను బరువెక్కువ, మోసే శక్తిలో కొంత అదే తినేస్తుంది. అయినా మాకు కొలరాడో కొండలు చూడాలని ఉంది. అక్కడ 70వ నంబరు రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. అంత ఎత్తున గాలి పలచబడితే టర్బో లేని పెట్రోలు ఇంజను నీరసిస్తుంది. ఎక్కడం సరే, దిగడం మాటేమిటి? డీజిల్ ట్రక్కులో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. అది ఇంజనుతోనే వేగాన్ని అదుపులో పెడుతుంది. బ్రేకులు కాలిపోకుండా కాపాడుతుంది.

'అందరూ లాగుతున్నారు కదా!'

ఈ మాట మాకు షోరూములో ఎదురైంది, స్నేహితుల ఇళ్లలోనూ ఎదురైంది. "చిన్న ట్రక్కుతో ఇంతకంటే పెద్దవి లాగేవాళ్లు బోలెడుమంది. వాళ్లకేమైంది?" అని. ఏమీ కాలేదు కాబట్టే చెప్తున్నారు. అయినవాళ్లు చెప్పడానికి రారు కదా! పండగ రోజుల్లో స్కూటర్ మీద అయిదుగురు వెళ్లడమూ చూస్తుంటాం. క్షేమంగా ఇల్లు చేరినంత మాత్రాన అది సబబైన పని అయిపోతుందా?

అయితే ఇక్కడ తప్పంతా మగవాళ్ల మీదికి తోసేయడం నాకిష్టం లేదు. ఆ బరువు పెంచింది నేనే. నా గట్టు వంటిల్లు, నా నిలువెత్తు ఫ్రిజ్. నాకు కావాల్సినవి నేను ఎంచుకుని, మోసే సంగతి ఆయన చూసుకుంటారులే అనుకున్నాను. అందుకే లెక్క తేలిన రాత్రి మావారితో చెప్పాను. "డ్యూయలీ వద్దంటే చెప్పండి, అడ్వాన్సు పోయినా సరే 30 అడుగుల ట్రైలర్ తీసుకుందాం. ఇల్లు పెద్దదీ, ట్రక్కు చిన్నదీ కావాలంటే మాత్రం కుదరదు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే నా నోటుబుక్కు పట్టుకుని షోరూముకి బయల్దేరారు. ఈసారి తలుపులన్నీ ఆయనే తీశారు.

పక్క సీటు చాలదు

ఇంకో మాట కూడా చెప్పాలి. టెక్సాస్‌లో ట్రక్కూ ట్రైలరూ కలిపి బరువు పరిమితి 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలర్ 10,000 దాటితే మామూలు కారు లైసెన్సు చాలదు. సొంతానికి వాడుకునేదైనా సరే, 'క్లాస్ ఎ' లైసెన్సు ఉండాలి. రాతపరీక్ష, నడిపి చూపించే పరీక్ష రెండూ ఉంటాయి. ఈ నియమం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. చాలామంది భార్యలు ఈ పరీక్షకి వెళ్లరు. "ఆయన నడుపుతారుగా" అంటారు. ఊరికి వంద మైళ్ల దూరంలో, రహదారి మధ్యలో ఆయనకి గుండెలో నొప్పొస్తేనో? ఫోను చేసి కూర్చోవడమేనా?

నేను పరీక్ష రాశాను. మొదటిసారి ట్రైలర్‌ని వెనక్కి తీయడంలో తప్పాను. రెండోసారి గట్టెక్కాను. ట్రక్కు ఎంచుకునేటప్పుడే నా కాళ్లకి పెడళ్లు అందుతున్నాయా, అద్దాల్లో ట్రైలర్ కొసలు కనిపిస్తున్నాయా అని నేనే కూర్చుని చూసుకున్నాను. అయిదడుగుల మనిషి నడపలేని ట్రక్కు మా ఇంటికి సగమే పనికొస్తుంది.

ట్రైలర్ నిండా సామాను సర్దుకున్నాక, ట్రక్కులు ఆగే చోట వేబ్రిడ్జి మీద తూయించాం. మొదట ట్రైలర్ తగిలించి ఒకసారి, తర్వాత ట్రక్కు ఒక్కటీ ఒకసారి. రెండుసార్లకీ ట్రక్కు ఇరుసుల మీద తేడా ఎంతో అదే పిన్ను బరువు. 3,340 పౌండ్లు వచ్చింది. నా నోటుబుక్కు లెక్కకి 140 పౌండ్లు ఎక్కువ. 'ఇంచుమించు సరిపోయిన' ట్రక్కు కొని ఉంటే ఏమయ్యేదో మావారికి నేను చెప్పనక్కర్లేకపోయింది. చీటీ మడిచి, ఆ నోటుబుక్కులోనే పెట్టారు.

నెలంతా ఇంటి ఖర్చు లెక్క చూసే మనకి, ఏది ఎంత మోస్తుందో ఒకరు చెప్పాలా? కూడికలూ తీసివేతలే కదా! ఈసారి ఇంటికి బండి కొనేటప్పుడు రంగు సంగతి మగవాళ్లకి వదిలేయండి. తలుపు మాత్రం మీరు తీసి చూడండి.