పోపులడబ్బా ఒక్కటే అప్పు తీర్చదు

"ఇల్లాలు గుట్టుగా సంసారం చేసుకుంటే అప్పులెందుకవుతాయమ్మా?"

ఈ మాట మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తారో! పెళ్ళి పందిట్లో, పేరంటంలో, పక్కింటి పిట్టగోడ దగ్గర ఎక్కడైనా వినిపిస్తుంది. ఏ సంసారమైనా అప్పుల్లో పడిందని తెలిస్తే చాలు, "ఆవిడ దుబారా మనిషేమో" అని ముందు ఇల్లాలి మీదికే వెళుతుంది అనుమానం. అప్పు తీర్చే ఉపాయాలు కూడా ఆవిడకే చెబుతారు. కుక్కర్లో అన్నం, పప్పు ఒకేసారి పెట్టు, మిగిలిన అన్నం పులిహోర కలుపు, పాత చీరలతో గలేబులు కుట్టు అంటూ!

ఇవి చెడ్డ సలహాలని నేననను. నేనూ అవన్నీ చేసేదాన్నే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఉప్పూ పప్పూ ఎక్కువ వాడి అప్పులపాలైన ఇల్లు మీకు తెలిసి ఒక్కటైనా ఉందా? నాకైతే తెలియదు. నాకు తెలిసిన అప్పులన్నీ ఆడపిల్ల పెళ్ళికి చేసినవి, ఆపరేషన్‌కి చేసినవి, ఇంజనీరింగ్ సీటుకి చేసినవి, స్నేహితుడికి హామీ సంతకం పెట్టి నెత్తికెత్తుకున్నవి, నలుగురిలో పరువు కోసం చేసినవి. వీటిలో వంటింట్లో పుట్టిన అప్పు ఏది? బయట పుట్టిన అప్పుని వంటింట్లో తీర్చమనడం ఏం న్యాయం?

న్యాయం మాట అటుంచి, అసలు అది లెక్కకి కుదిరే పనేనా? మా ఇంటి లెక్కే చెబుతాను. మాది ఒక్క జీతం మీద నడిచే ఇల్లు. నెలకు 52,000 వస్తాయి. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. అత్తగారికి మోకాలి ఆపరేషన్, ఆ మరుసటి ఏడే మా ఆడపడుచు పెళ్ళి. రెండూ తప్పించుకోగలిగిన ఖర్చులు కావు. అప్పులు ఒక్కొక్కటిగా పెరిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల నోటుపుస్తకంలో అవన్నీ ఒక్కచోట రాశాం. ఊళ్ళో ప్రామిసరీ నోటు మీద 1,50,000. బ్యాంకు పర్సనల్ లోను 1,80,000. క్రెడిట్ కార్డు బాకీ 60,000. మా తమ్ముడి దగ్గర చేబదులు 30,000. మొత్తం 4,20,000. అందులో కార్డు బాకీ సంగతి అంతకుముందు నాకు తెలియనే తెలియదు.

అసలుకన్నా ఎక్కువగా నన్ను కూర్చోబెట్టింది పక్కన రాసిన వడ్డీ. నోటు మీద నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు 3,000. కార్డు మీద నెలకు మూడున్నర శాతం, అంటే 2,100. బ్యాంకు లోను మీద ఏడాదికి పద్నాలుగు శాతం, అంటే మొదటి నెలల్లో ఇంచుమించు మరో 2,100. మొత్తం నెలకు 7,200 రూపాయలు. మా ఇంట్లో నెలసరి పచారీ సరుకులకి అయ్యేది 6,500. అంటే అయిదుగురం తినే తిండికన్నా వడ్డీయే ఎక్కువ తింటోంది! ఇలాంటి ఇంట్లో నేను గ్యాసు సన్నమంట మీద పెట్టి మిగిల్చేది నెలకు ఎంత? మూడు వందలు. ఏరు పారిపోతుంటే చెంబుతో పట్టుకున్నట్టే కదా!

"రెండు రూపాయల వడ్డీయే" అని మనం తేలిగ్గా అనేస్తాం. బ్యాంకువాళ్ళేమో ఏడాది లెక్కన పన్నెండు శాతం, పద్నాలుగు శాతం అంటారు. వినడానికి రెండు చిన్నది, పద్నాలుగు పెద్దది. కానీ నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు. యాభై నెలలు వడ్డీ కడితే అసలంత సొమ్మూ కట్టేసినట్టే, అసలు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. కార్డు మీద మూడున్నర అంటే ఏడాదికి నలభై రెండు. బిల్లులో కనబడే 'కనీస మొత్తం' కడుతూ, మళ్ళీ అదే కార్డు గీకుతూ ఉంటే బాకీ కదలదు. అందుకని ఏ అప్పునైనా ముందు ఏడాది వడ్డీలోకి మార్చి రాసుకోండి. ఏది ముందు తీర్చాలో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు, కాగితమే చెబుతుంది.

మేం మొదట చేసింది కార్డు బాకీని వదిలించుకోవడం. నా గొలుసు బ్యాంకులో పెట్టి, ఏడాదికి పది శాతం వడ్డీకి 60,000 తెచ్చి కార్డు కట్టేశాం. నెలకు 2,100 వడ్డీ కాస్తా 500 అయింది. ఒక్క కూర తగ్గించకుండా, ఒక్క పూట పస్తుండకుండా నెలకు 1,600 మిగిలాయి. నేను అయిదు నెలలు వంటింట్లో కిందా మీదా పడినా అంత మిగల్చలేను.

అయితే ఇక్కడ ఆడవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో కష్టం వస్తే మొదట చూపు పడేది మన మెడ మీదే. ఇవ్వొద్దని నేననను. కానీ అడిగి తీసుకోవాలి, తిరిగి ఎప్పుడు వస్తుందో రాసి తీసుకోవాలి. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులోనే చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా దాన్నో, దాని విలువనో తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనికి ఉంటుందని 2024లో మరోసారి చెప్పింది. కోర్టుదాకా పోవాలని కాదు నా ఉద్దేశం. ఇంట్లో గొలుసు కూడా ఒక అప్పుగానే జాబితాలో ఉండాలని. మా నోటుపుస్తకంలో అప్పుల వరసలో అయిదోదిగా "అమ్మ గొలుసు" అని మా అమ్మాయి రాసింది.

ఇక ఖర్చులు తగ్గించే సంగతి. నెలకు ఇంకో 5,000 కావాలి. వంటగది జోలికి పోకుండా వెతికాం. ఆదివారాలు ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకునే బిర్యానీలకి 1,800. ఎవరూ సరిగ్గా చూడని సినిమాల చందాలు, అదనపు రీచార్జి 600. మావారు వారంలో నాలుగు రోజులు బండి వదిలి బస్సులో వెళ్ళడం మొదలుపెడితే పెట్రోలు 1,200. ఫంక్షన్లకి చదివింపులు, ప్రతి ఫంక్షనుకీ కొత్త బట్టలు కలిపి 1,400. సరిగ్గా అయిదు వేలు! చదివింపుల దగ్గర మా అత్తగారు కాస్త నొచ్చుకున్నారు. "వాళ్ళు మనకి పెట్టారు కదే" అన్నారు. నిజమే. కానీ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టే చదివింపులో ఆశీర్వాదం ఎంత ఉంటుంది చెప్పండి?

ఇలా మిగిలిన 6,600 రూపాయలూ నోటు అసలుకే మళ్ళించాం. ఊళ్ళో ఆయన నెలనెలా విడిగా తీసుకోనన్నారు. మూడు నెలలకోసారి పోగుచేసి కట్టాం. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించాం. ఇది మరిచిపోకండి. మాట మీద ఎంత నమ్మకమున్నా చెల్లు వేయించుకోవాలి, బాకీ తీరిన రోజు నోటు చేతికి తీసుకోవాలి. ఇరవై నెలలకు నోటు ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఏడు నెలలకు గొలుసు వచ్చింది. అటుపైన చేబదులు, చివర బ్యాంకు లోను. మొత్తం మీద మూడేళ్ళు పట్టలేదు.

వంటింట్లో మిగిలిన ఆ మూడు వందలూ ఏమయ్యాయంటారా? పోపులడబ్బాలోనే ఉన్నాయి. వాటిని అప్పుకి ఇవ్వలేదు. జ్వరం వచ్చినా, మిక్సీ పాడైనా మళ్ళీ కార్డు గీకకుండా కాపాడినవి అవే. ఆడదాని పొదుపుకి అసలు పని అదీ. అది కొత్త అప్పుని ఆపుతుంది. పాత అప్పుని తీర్చేది ఇంటిల్లిపాదీ కలిసి వేసుకున్న లెక్క.

పొదుపు పేరుతో ఎక్కడ కోతపెట్టకూడదో కూడా చెప్పుకోవాలి. ఇంట్లో డబ్బు తక్కువైతే మొదట తగ్గేది ఇల్లాలి పాలగ్లాసు, ఆవిడ పళ్ళెంలో కూర, ఆవిడ మందుబిళ్ళ. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిందే ఆవిడ భోజనం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటప్పుడు తిండి తగ్గించి అప్పు తీరుస్తానంటే, ఆ అప్పు బ్యాంకు పుస్తకంలోంచి ఒంట్లోకి మారుతుందంతే. రేపు ఆస్పత్రికి వడ్డీతో సహా కట్టాలి.

"పిల్లల ముందు అప్పుల మాటలేమిటి?" అంటారు కొందరు. భయపెట్టేలా చెప్పమని కాదు. లెక్కగా చెప్పమని. తెలిసిన పిల్లలు అర్థం చేసుకుంటారు. తెలియని పిల్లలే కొత్త ఫోను అడిగి కాదంటే అలుగుతారు. ఇంకో ఉదాహరణ చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990ల తొలినాళ్ళలో అక్కడి ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున 'పొదుపులక్ష్మి' సంఘాలు పెట్టుకున్నారు. ఈనాటి డ్వాక్రా సంఘాల్లోనూ ఎవరు ఎంత దాచారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు అన్నది అందరి ముందూ పుస్తకంలో రాస్తారు. ఆ బలం రూపాయిది కాదు, ఆ పుస్తకానిది. వేరువేరు గడపల నుంచి వచ్చిన పదిమంది ఆడవాళ్ళు ఒకరి బాకీ ఒకరికి తెలిసేలా కూర్చోగలిగినప్పుడు, ఒక్క గడప లోపల నలుగురం కూర్చోలేమా?

కూర్చోలేకపోవడానికి కారణం చాలా ఇళ్ళలో మగవాడి పరువు. "నేను సంపాదిస్తున్నాను, నేను చూసుకుంటాను" అన్న మాట వెనక ఎంత భయం ఉంటుందో నాకు తెలుసు. వాళ్ళని తప్పుపట్టాలని రాయడం లేదు. అప్పుని ఒంటరిగా మోసే మనిషే మరో అప్పు వైపు పరుగెడతాడు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకి ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు చదివినప్పుడు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకుని ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు తెచ్చింది. ఫోన్లో ఇచ్చే అప్పుకైనా ఏడాది మొత్తం ఖర్చు ఎంత శాతమో ముందే చెప్పి తీరాలంది. నిబంధన మంచిదే. కానీ ఆ కాగితం చదివేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటే ఇంకా మంచిది.

మంచిగా అడిగినా చెప్పని భర్తలూ ఉన్నారు. తాగుడుకో, జూదానికో పోయే అప్పులూ ఉన్నాయి. అక్కడ నోటుపుస్తకం పని చేయదని నాకు తెలుసు. అలాంటి ఇంట్లో ఇల్లాలు చేయగలిగింది ఒకటుంది. చదవకుండా సంతకం పెట్టకపోవడం. లోను కాగితం మీద మన పేరుంటే ఆ బాకీ మనదీ అవుతుంది. ఖాళీ చెక్కు మీదా, ఖాళీ నోటు మీదా సంతకం అడిగేవాళ్ళు ఎంత దగ్గరవాళ్ళయినా సరే, కుదరదనే చెప్పాలి.

గుట్టు సంసారానికి మంచిదే. కానీ ఆ గుట్టు వీధిగుమ్మం దగ్గర ఉండాలి, భార్యాభర్తల మధ్య కాదు. ఆయన జేబులో దాగిన బిల్లూ, మన పోపులడబ్బాలో దాగిన నోటూ ఒకే బల్ల మీదికి రావాలి. ఈ నెల జీతం అందగానే సరుకుల చీటీ రాసే ముందు వడ్డీల చీటీ రాసి చూడండి. రెండింటిలో ఏది పెద్దదో తెలిశాక, తగ్గించవలసింది ఎక్కడో మీకే తెలుస్తుంది.