ఏ ఉల్లికోడును తట్టుకుంటుందో బస్తా మీద రాయండి

వానాకాలం వరి నాట్లు ఆలస్యమై, ఆపైన ముసురు పట్టిందంటే వరంగల్, ములుగు వైపు రైతుకు ఉల్లికోడు బెంగ మొదలవుతుంది. కంకి వేయాల్సిన పిలక నుంచి ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం లేస్తుంది. వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసినన్నాళ్లూ గట్టు మీద నన్నడిగింది ఒకటే: "మేడం, ఏం మందు కొట్టాలె?"

గొట్టం కనబడ్డాక ఆ పిలకకు ఏ మందూ లేదు. దోమంత ఈగ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకు తొడుగుల సందుల్లోంచి మొవ్వ దాకా పాకుతుంది. అది తినడం మొదలుపెట్టాక మొవ్వ తీరు మారి గొట్టంగా సాగుతుంది. అది మన కంటబడేసరికి కొసన రంధ్రం చేసుకుని ఈగ బయటపడే వేళవుతుంది. అప్పుడు కొట్టే మందు, ఆ పురుగును లోపలినుంచే తినేసే ప్లాటిగాస్టర్ అనే చిట్టి కందిరీగకే చేటు.

కాబట్టి రక్షణ విత్తనంలోనే ఉండాలి. ఆ పని మనవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. ఈశ్వరకోర అనే పాత వడ్ల నుంచి వరంగల్ పరిశోధన స్థానంలో డబ్ల్యూ 1263 అనే రకం వచ్చింది. థాయిలాండ్ వరి సయాం 29 గుణంతో ఫల్గుణ అనే రకం వచ్చింది. కానీ ఈ ఈగలోనే బయోటైప్‌లనే వేర్వేరు తెగలున్నాయి. జగిత్యాల వైపు ఉండే మూడో బయోటైప్ ఈగను డబ్ల్యూ 1263 తట్టుకుంటుంది, ఫల్గుణ తట్టుకోదు. 1980లలో శ్రీకాకుళంలో బయటపడ్డ నాలుగో బయోటైప్ రెండింటినీ లొంగదీసింది. దేశంలో ఇప్పటికి ఏడు బయోటైప్‌లను గుర్తించారు. చూపుకు అన్నీ ఒకే ఈగ.

మరి విత్తన బస్తా మీద, కరపత్రంలో "ఉల్లికోడును తట్టుకుంటుంది" అని రాసి ఊరుకుంటే ఎలా? ఏ జిల్లా ఉల్లికోడును? ఎక్కడ ఏ బయోటైప్ ఉందో పరిశోధన కేంద్రాలు ఏటా పరీక్షిస్తూనే ఉన్నాయి. ఆ ఫలితం నివేదికల్లో ఉంటుంది, దుకాణం దగ్గర నిలబడ్డ రైతుకు అందదు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

సన్నాలకు తెలంగాణలో క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఆ సన్నాల్లో ఒకటైన సాంబ మసూరి ఉల్లికోడుకు తేలిగ్గా లొంగుతుంది. అది వేసే రైతుకు ముందే నాటుకోమని, నారు పీకడానికి వారం ముందు గుళికలు చల్లుకోమని విత్తనం అమ్మిన రోజే చెప్పాలి. ఏ రకం ఏ బయోటైప్‌ను తట్టుకుంటుందో జిల్లాల పేర్లతో సహా బస్తా మీద అచ్చు వేయడాన్ని వ్యవసాయ శాఖ వచ్చే వానాకాలానికి తప్పనిసరి చేయాలి.