అద్దెగదులలో పాత సోఫాలు



తాడోబా పులులను చూడవచ్చేవారికి గదులు అద్దెకివ్వడం చంద్రపూర్‌లోను, మొహర్లీ దారిలోను నానాటికి పెరుగుతున్నది. చైత్రమాసంలో మహాకాళి యాత్రకు వచ్చేవారు సరేసరి. తరాలుగా ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కొన్ని, పిల్లలు పుణెకో హైదరాబాదుకో వెళ్ళగా ఖాళీపడిన మేడగదులను ఇట్లు వినియోగించుకొంటున్నాయి. సంతోషమే. కాని ఆ గదులలో వేసే సామాను సంగతి ఆలోచించేవారు అరుదు.

బదిలీ అయిన ఉద్యోగి అమ్మిన సోఫా, మూతపడిన లాడ్జి పరుపులు, ఎవరో వాడి వదలిన కూలరు చౌకగా కొని గది నింపుతున్నారు. పాత సామాను కొనడం తప్పు కాదు. టేకు మంచం ఎన్ని చేతులు మారినా టేకే. ఈ జిల్లావారికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. దళసరి కర్ర నిదానంగా అంటుకొంటుంది. భయమంతా స్పంజి నింపిన సోఫాలు, పరుపులతోనే. ఆ నురుగుకు నిప్పంటితే కొద్ది నిమిషాలలో గదంతా మంట అవుతుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సైనైడు ఉంటాయి. నిద్రలో ఉన్నవాడు మంటను చూడకముందే స్పృహ తప్పుతాడు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదు లాడ్జిలో 8 మంది మరణించినప్పుడు నిప్పు పుట్టినది క్రింద ఎలెక్ట్రిక్ స్కూటర్ల వద్ద. పై అంతస్తులకు ఎక్కినది పొగ.

ఇంగ్లండులో 1979లో మాంచెస్టరులోని ఊల్‌వర్త్స్ దుకాణంలో అమ్మకానికి పెట్టిన సోఫాలు అంటుకొని 10 మంది చనిపోయారు. అక్కడా కిటికీలకు ఇనుపచువ్వలే! తరువాత 1988లో నిబంధనలు వచ్చాయి. పాత సోఫా అమ్మినా, సెలవులకు అద్దెకిచ్చే ఇంటిలో వేసినా అది అగ్నిపరీక్షకు నిలిచినదై ఉండవలెను. 1950కి పూర్వపు సామానుకు మాత్రం మినహాయింపు.

మనకు మహారాష్ట్రలో 2006 నాటి అగ్నినివారణ చట్టం 2008 డిసెంబరు నుండి అమలులో ఉన్నది. బాధ్యత యజమానిదే. ఆ చట్టం క్రిందకు వచ్చే భవనానికి ప్రతి జనవరి, జూలైలలో లైసెన్సు గల సంస్థ ధ్రువపత్రం కావలెను. అయితే ఆ పత్రం చెప్పేది సిలిండరు, గొట్టం వగైరా పనిచేస్తున్నవనే. సోఫా లోపల ఏమున్నదో కాదు. గృహేతర ఫర్నిచరుకు ఐ.ఎస్. 15768 అనే ప్రమాణమున్నది గాని, పాతసామాను బజారులో దాని పేరెత్తేవాడేడీ?

మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊరిలో కూలరు సంగతి వేరే చెప్పాలి. రాత్రి నీళ్ళయిపోతే గడ్డి ఎండిపోతుంది, పాత మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాని ప్రక్కనే స్పంజిపరుపు, పరుపు అంచున దోమలచుట్ట! దూదిపరుపు కూడా లోలోపల రాజుకొంటుంది, నిజమే. కాని అది కొంత వ్యవధినిస్తుంది. మొహర్లీ సుమారు 30 కిలోమీటర్లు. పట్టణం నుండి అగ్నిమాపక శకటం చేరులోపల ఆ వ్యవధియే దిక్కు.

కనుక పర్యాటక శాఖవారు గృహవసతులను నమోదు చేసేటప్పుడు, మునిసిపల్ కార్పొరేషను అగ్నిమాపక విభాగం గదులను చూడవచ్చినప్పుడు, పరుపులను, సోఫాలను, కూలరు తీగలను కూడ తనిఖీ చేయవలెనని కోరుతున్నాను. ఖర్చు పెరుగుతుందని మనవారే కొందరు గొణుగుతారు. స్పంజిసోఫాకు బదులు రెండు కర్రకుర్చీలు వేస్తే ఖర్చు తగ్గుతుంది గాని పెరగదు. కిటికీచువ్వలలో ఒక చట్రం లోపలినుండి తెరుచుకొనేటట్లు చేయించడం కమ్మరికి ఒక పూట పని. మేడమెట్ల క్రింద పాత పరుపులు దొంతర పెట్టినవారు వాటిని ఈ రోజే తీసివేయవచ్చును. దానికి ఏ శాఖ అనుమతీ అక్కరలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చంద్రపూర్.