బాలికకు ముందుగా చెప్పవలసిన మాట

బాలిక పెద్దమనిషి యైనదన్న వార్త మన యూళ్ళలో ఒక్క పూటలో వాడయంతయు వ్యాపించును. బంధువులు వత్తురు, నువ్వులును బెల్లమును దంచి పెట్టుదురు, క్రొత్త బట్టలు కట్టింతురు, కలిగినవారు పందిరి వేసి విందు చేయుదురు. ఇందరికి తెలిసిన యీ సంగతి యేమో ముందటి దినము వరకు ఆ బాలికకు మాత్రము ఎవ్వరును చెప్పియుండరు. జరిగిన పిదప చాటుటకు సిగ్గుపడనివారము జరుగకముందు చెప్పుటకేల సిగ్గుపడవలయును? మొదటి ఋతువునకు ముందే తల్లి యింటను, ఉపాధ్యాయిని బడిలోను ఈ విషయమును బాలికకు బోధింపవలయునని మా దృఢమైన యభిప్రాయము.

ఇందుకు వలసిన వ్యవధిని శరీరమే యిచ్చుచున్నది. సాధారణముగా 8 మొదలు 13 ఏండ్ల లోపల స్తనముల చోట చిన్న గడ్డవంటి యుబ్బు కనబడును. అది కొంత నొప్పిగా నుండవచ్చును. ఒక ప్రక్క ముందును, రెండవ ప్రక్క వెనుకను రావచ్చును. ఇది వ్యాధి కాదు. పిమ్మట చంకలయందును, పొత్తికడుపు క్రిందను వెండ్రుకలు మొలచును. చెమట వాసన మారును. మొగమున మొటిమలు లేచును. ఎత్తు వేగముగా పెరుగును. ఋతువునకు కొన్ని నెలల ముందు తెల్లని స్రావము కనబడుటయు కలదు. మొదటి గుర్తు కనబడినది మొదలు మొదటి ఋతువు వచ్చువరకు సుమారు రెండు, రెండున్నర సంవత్సరములు పట్టును. కావున చెప్పుటకు సమయము చాలలేదను మాట చెల్లదు.

ఈ మార్పులకు కారణము సులభముగా చెప్పవచ్చును. మెదడు పంపిన సంకేతముచే దాని క్రిందనున్న పీయూషగ్రంథి అండాశయములను మేల్కొలుపును. అండాశయములనుండి పుట్టు ఈస్ట్రోజెన్ అను హార్మోను రక్తమున గలసి శరీరమును పెంచును. గర్భాశయపు లోపలి పొరను మందము చేయును. గర్భము లేనప్పుడు ఆ పొర విడివడి రక్తముతో వెలికి వచ్చుటయే ఋతుస్రావము. అది చెడు రక్తము కాదు, గాయము కాదు, ఎవరి పాపమునకును శిక్ష కాదు. సాధారణముగా 2 మొదలు 7 దినములుండును. చూచుటకు మెండుగా తోచినను, పోవు రక్తము చాలమందికి రెండు మూడు పెద్ద చెంచాలంతయే. మొదటి యొకటి రెండేండ్లు నెలనెలకు సరిగా రాకున్నను భయపడ నవసరము లేదు.

పూర్వము ఆదిలాబాదు జిల్లాలోను, 2016 నుండి నిర్మల్ జిల్లాలోను చేరిన మన భైంసాలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినబడును. తెలుగువారు ముట్టందురు, మరాఠీవారు పాళీ యందురు, ఉర్దూవారు మాహవారీ యందురు. మూడు భాషల పట్టణమున మూడింటను గుసగుసయే! ముట్టు, బహిష్టు అను పేళ్ళలోనే తాకరాదనియు, వెలుపల నుండవలెననియు అర్థము దాగియున్నది. ఋతువన్న మాటకు కాలమని యర్థము. బాలికకు మొదట ఈ మాట నేర్పిన మేలు.

చిన్నతనమున చెప్పిన మనస్సు చెడునని కొందరు పెద్దలు భయపడుదురు. చెప్పకున్నంత మాత్రమున శరీరము ఆగునా? తెలియని పిల్ల బట్టపై రక్తము చూచి రోగమని వణకును, తోటి పిల్లల యరకొర మాటలు నమ్మును, బడి మానును. తెలిసిన పిల్ల తల్లిని పిలుచును. ఈ రెంటిలో చెడు ఏదియో తల్లిదండ్రులే యోచింపవలయును.

చెప్పవలసినదియు కొండంత లేదు. శుభ్రమైన నూలుగుడ్డ గాని శానిటరీ ప్యాడు గాని వాడవలెను. కొన్ని గంటలకొకసారి మార్చవలెను. గుడ్డను సబ్బుతో నుతికి చీకటి మూలల దాచక యెండలో నారవేయవలెను. స్నానము, ఆట, చదువు మానవలసిన పని లేదు. ఆకుకూరలు, పప్పు, నువ్వులుండలు పెట్టవలెను. ఏలయన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. 8 ఏండ్లకు ముందే మార్పులు కనబడినను, 13 నిండియు స్తనవృద్ధి మొదలు కాకున్నను, 15 నిండియు ఋతువు రాకున్నను, స్రావము 7 దినములు మించినను వైద్యురాలికి చూపవలెను.

పెద్దమనిషి యను పేరు విని బాలిక నిజముగా పెద్దదైనదని భ్రమపడరాదు. పండ్రెండేండ్ల పిల్ల ఋతుమతి యైనను పండ్రెండేండ్ల పిల్లయే. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనిదే ఆమెకు పెండ్లి చేయరాదు. విందు చేసిన పందిరి క్రిందనే సంబంధముల మాట లెత్తుట తగదు.

పాఠశాలయు తన వంతు చేయవలెను. గొళ్ళెము పడు మరుగుదొడ్డి, నీరు, సబ్బు, అక్కరకు ప్యాడులు, అడుగుటకు వెరపు లేని యొక ఉపాధ్యాయిని – ఇవి యుండవలెను. బాలురకును ఈ పాఠము చెప్పవలెను. తెలిసినవాడు ఎగతాళి చేయడు. తండ్రులు అంగడినుండి ప్యాడులు తెచ్చుటకు నామోషీ పడరాదు.

తల్లులారా! నాలుగైదు తరగతులు చదువు కూతురు మీ యింట నున్నచో రాబోవు సెలవులలో ఒకనాడు ఆమెను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, తల దువ్వుచునైనను సరే, ఈ నాలుగు మాటలు చెప్పుడని వేడుకొనుచున్నాము. ఆమె అడిగిన ప్రశ్నకు మీకు సమాధానము తోచనిచో ఆమెను మా యొద్దకు పంపుడు, మీరును రండు.